నమ్మదగిన అద్భుతము

ఖమ్మము వైపు నుండి భద్రాచలమునకు పోవు యాత్రికుడు సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కును. 1965లో నాటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ప్రారంభించిన వంతెన ఇది. దానిమీద నిలిచినచో ఎదుటి గట్టున రామాలయము, వెనుక గట్టున 1979 నుండి పనిచేయుచున్న కాగితపు కర్మాగారము. నది వెంట ఎగువకు పోయినచో ఎడమ గట్టున పర్ణశాల, కుడి గట్టున అశ్వాపురము. పర్ణశాల సీతాపహరణము జరిగిన తావని జనుల విశ్వాసము. ఆకాశమున పోగల రథము ఒకటి అక్కడ దిగినదనియు, అక్కడినుండి లేచినదనియు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. అశ్వాపురము వద్ద 1991లో నెలకొన్న భారజల కర్మాగారము గోదావరి నీటిలోనుండియే మరియొక విధమైన నీటిని వడకట్టి తీయుచున్నది. ఒకే నదికి రెండు గట్టులు. ఒక్కొక్క గట్టున ఒక్కొక్క అద్భుతము.

ఈ రెండు అద్భుతముల నడుమగల తేడాను గురించియే ఈ ప్రసంగము. రావణుని రథమునకు గాని, అయోధ్యకు తిరిగివచ్చిన పుష్పకమునకు గాని ఇంధనమేమి అని ఏ శ్రోతయు అడుగడు. అడుగకపోవుట శ్రోత తెలివితక్కువతనము కాదు. పురాణ శ్రవణమునకు మనము వేరొక మనస్సుతో కూర్చుందుము. కాని విజ్ఞాన కల్పన అను పేర ఒక నవలను చేతికిచ్చినప్పుడు అదే శ్రోత పరీక్షకుడగును. "ఇది ఎట్లు జరిగినది? ఎంత దూరము, ఎంత వేగము, ఎవరి ఖర్చు?" అని అడుగును. అడిగిన ప్రశ్నకు కథయే జవాబు చెప్పినప్పుడు కలుగు ఆనందము సాహిత్యములో ప్రత్యేకమైనది. ఆ ఆనందమునకు ఒక చరిత్ర కలదు. అందులో మన నదికి, మన ఊళ్లకు, మన భాషకు కూడ కొంత పాలు కలదు.

ముందుగా ఒక సంగతి మనవి చేయవలెను. ఇటువంటి పరీక్షకు చదువులు అక్కరలేదు. సారపాక, భద్రాచలము, బూర్గంపాడు వాసులు వానకాలములో అంకెలతోనే బ్రతుకుదురు. భద్రాచలము వద్ద గోదావరి 43 అడుగులు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు లేచినది. 2022 జూలైలో 71 అడుగులు దాటినది. ఎన్ని అడుగులకు ఏ వీధిలోనికి నీరు వచ్చునో ఇక్కడి గృహిణికి తెలియును. ఏ నవలాకారుడైనను "గోదావరి ముప్పది అడుగులకు లేవగా భద్రాచలము మునిగిపోయెను" అని వ్రాసినచో ఆమె పుస్తకము మూసివేయును. "గోదావరి ఎనుబది అడుగులకు లేచెను" అని వ్రాసినచో గుండె గుభేలుమని పుట త్రిప్పును. నమ్మదగిన విజ్ఞానమనగా మొదటిమెట్టున ఇంతే. చదువరికి తెలిసిన కొలత మీద తెలియని భయమును నిలుపుట.

ఈ విద్యను పందొమ్మిదవ శతాబ్దములో స్థిరపరచినవాడు ఫ్రాన్సు దేశపు జూల్స్ వెర్న్. 1865లో ఆయన భూమినుండి చంద్రునికి ప్రయాణము కట్టించినాడు. అందుకొరకు అమెరికాలోని ఫ్లోరిడాలో 900 అడుగుల పొడవుగల ఫిరంగిని భూమిలో నిలువున పాతించి, అల్యూమినియపు గుండులో ముగ్గురు మనుష్యులను కూర్చుండబెట్టినాడు. భూమి ఆకర్షణను తప్పించుకొని పోవుటకు సెకనుకు సుమారు పదకొండు కిలోమీటర్ల వేగము కావలెనని లెక్క చెప్పించినాడు. ఆ లెక్క సరియైనదే. దాని తరువాత వచ్చిన నవలలో గుండు చంద్రుని చుట్టి వచ్చి పసిఫిక్ మహాసముద్రములో పడును. 1969 జూలైలో అపోలో-11 ఫ్లోరిడా నుండియే ముగ్గురితో లేచి, పసిఫిక్ సముద్రములోనే దిగినది. ఇది జోస్యమని కొందరందురు. జోస్యము కాదు. భూగోళమున ఎక్కడినుండి లేచుట లాభకరమో ఆయనకును, తరువాతి ఇంజనీర్లకును ఒకే గణితము చెప్పినది.

అయితే వెర్న్ లెక్కలో ఒక లోపము కలదు. దానిని పట్టుకొనుట కూడ చదువరి ఆనందములో భాగమే. తొమ్మిదివందల అడుగుల గొట్టములో సున్న నుండి పదకొండు కిలోమీటర్ల వేగమునకు పోవలెనన్న, ఆ క్షణకాలము లోపలి మనుష్యుని బరువు ఇరువది వేల రెట్లకు మించిపోవును. అరువది కిలోల మనిషి పన్నెండు లక్షల కిలోలు తూగును. వెర్న్‌కు ఈ ప్రమాదము తోచకపోలేదు. గుండు అడుగున నీటి మెత్త ఒకటి అమర్చినాడు. కాని ఆ మెత్త చాలదు. ప్రయాణికులు చంద్రుని చూడకముందే నేలకు అంటుకొనిపోవుదురు.

ఈ లోపము వృథాగా పోలేదు. రష్యా దేశములో ఒక పాఠశాలలో గణితము చెప్పుకొనుచున్న సియోల్‌కోవ్‌స్కీ చిన్ననాట వెర్న్ పుస్తకములు చదివి అంతరిక్షము మీద మనసు పడినాడు. ఫిరంగి మనుష్యుని చంపును గాన, కొద్దికొద్దిగా వేగము పెంచుకొను సాధనమేదని వెదకినాడు. 1903లో రాకెట్టు గమనమునకు సమీకరణమును ప్రకటించినాడు. ఒక నవలలోని తప్పు, దిద్దదగినంత స్పష్టముగ ఉండుట చేత, శాస్త్రమునకు దారి చూపినది. పుష్పకములో తప్పు పట్టుటకు ఏమియు లేదు, కావున దిద్దుటకును ఏమియు లేదు. నమ్మదగిన కల్పన తన లెక్కను బయటపెట్టి చదువరికి అప్పగించును. ఆ ధైర్యమే దాని గౌరవము.

వెర్న్‌కును, ఇంగ్లండు రచయిత హెచ్.జి. వెల్స్‌కును ఈ విషయమున అభిప్రాయభేదము వచ్చినది. 1901లో వెల్స్ తన మనుష్యులను చంద్రునికి పంపుటకు ఫిరంగి జోలికి పోలేదు. భూమి ఆకర్షణను అడ్డగించు కేవరైట్ అను ఒక పదార్థమును కల్పించినాడు. వెర్న్‌కు కోపము వచ్చినది. నేను భౌతికశాస్త్రమును వాడుకొనుచున్నాను, ఆయన దానిని కల్పించుచున్నాడు, ఆ లోహమేదో చూపుమనుడు అను భావము వచ్చునట్లు పత్రికలవారితో మాటలాడినాడు. న్యాయము వెర్న్ పక్షముననే ఉన్నట్లు మొదట తోచును. కాని వెల్స్ ఆ ఒక్క అసాధ్యమును అడిగి పుచ్చుకొనిన తరువాత మరి దేనిని ఉచితముగ తీసికొనలేదు. గోళము చుట్టును కేవరైట్ తెరలు అమర్చి, ఏ తెర మూసిన ఎటు పోవునో నియమము ప్రకారమే నడిపినాడు. మా అభిప్రాయమున, చదువరి ఒక అప్పును క్షమించును. దినమునకొక అప్పు చేయువానిని క్షమింపడు.

ఇప్పుడు మరల మన నదివైపు చూతము. వెర్న్ నవలలలో మన దేశమునకు దగ్గరివానిలో ఒకటి సముద్రగర్భ యాత్ర. 1869, 1870 సంవత్సరములలో అది పత్రికలో వెలువడినది. నాటిలస్ అను జలాంతర్గామి నాయకుడు కెప్టెన్ నెమో ఎవరో ఆ పుస్తకములో చెప్పలేదు. అటుతరువాత వచ్చిన రహస్య ద్వీపపు నవలలో ఆతడు బుందేల్‌ఖండపు రాకుమారుడు డక్కర్ అనియు, టిప్పు సుల్తానుకు బంధువనియు, 1857 తిరుగుబాటులో సర్వస్వము కోల్పోయినవాడనియు తేలును. లోకములో మిక్కిలి పేరుగాంచిన కల్పిత ఇంజనీరు మన దేశస్థుడన్నమాట. వలస పాలనలో ఉన్న దేశపు మనిషికి ఫ్రెంచి రచయిత ఒకడు మంత్రదండము ఇయ్యలేదు, యంత్రశాస్త్ర విద్యను ఇచ్చినాడు.

నాటిలస్ విద్యుత్తుతో నడుచును. ఆ విద్యుత్తు ఎక్కడిది? అతిథియైన ప్రొఫెసరు అడుగును. నెమో దాచకుండ చెప్పును. సముద్రపు నీటిలో ఉప్పు కలదు. ఉప్పులో సోడియము కలదు. దానితో ఘటములను నడుపుచున్నాడు. మరి ఉప్పునుండి సోడియమును వేరుచేయుటకు వేడి కావలెను గదా? దానికి చల్లారిన అగ్నిపర్వతపు గర్భములో, సముద్రము క్రింద, బొగ్గు గని ఒకటి కలదు. బొగ్గును కాల్చి నీటిలోని సారమును తీయుట, ఆ సారముతో ఓడను నడుపుట. ప్రతి మెట్టు వద్దను ఖర్చు వ్రాసియున్నది.

మణుగూరు ప్రాంతము నెరిగినవారికి ఈ పుటలు చదువునప్పుడు ఒళ్లు గగుర్పొడవక మానదు. అక్కడ సింగరేణి బొగ్గు గనులున్నవి. ఆ ప్రక్కనే అశ్వాపురము వద్ద బొగ్గుతో ఆవిరిని, విద్యుత్తును పుట్టించి, గోదావరి నీటినుండి భారజలమును తీయుచున్నారు. నీటిలోని ఉదజని పరమాణువులలో సుమారు ఆరువేల అయిదువందలకు ఒక్కటి మాత్రమే రెట్టింపు బరువుగలది. 1931లో అమెరికా శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ యూరీ దీనిని కనుగొని, 1934లో నోబెల్ బహుమానము పొందినాడు. ఆ అరుదైన పరమాణువులతో కూడిన నీరు మామూలు నీటికన్న నూటికి పదకొండు వంతులు బరువు. దాని మంచుగడ్డను మామూలు నీటిలో వేసినచో తేలదు, మునుగును. అణువిద్యుత్ కేంద్రములలో న్యూట్రానుల వేగమును తగ్గించుటకు దీనిని వాడుదురు. ఆరువేల అయిదువందలలో ఒకదానిని ఏరుటకు ఎంత నీరు, ఎంత ఆవిరి, ఎంత బొగ్గు కావలెనో ఊహించుకొనవచ్చును. నూటయిరువది సంవత్సరములు తేడాగా నెమోయు, మణుగూరు ఇంజనీర్లును ఒకే బేరము కుదుర్చుకొన్నారు. బొగ్గు వేడిని ఇచ్చి నీటి సారమును కొనుట.

ఇదే వెర్న్ రహస్య ద్వీపపు నవలలో ఒకచోట తడబడినాడు. ముందుకాలమున బొగ్గు అయిపోవునే, అప్పుడేమి చేయుదుమని పాత్ర ఒకటి అడుగగా, ఇంజనీరు సైరస్ స్మిత్ నీటినే కాల్చుకొందుమనును. నీటిని విద్యుత్తుతో ఉదజనిగాను, ఆమ్లజనిగాను విడదీసి మండింతుమని ఆశ చెప్పును. ఈ మాటను నేటికిని జోస్యముగ మెచ్చుకొనుచున్నారు. కాని ఆ విద్యుత్తు ఎక్కడినుండి వచ్చును? ఉదజనిని మండించిన వచ్చు శక్తికి తక్కువ కాకుండ, నీటిని విడదీయుటకే వ్యయము చేయవలెను. నెమో తన బొగ్గు గనిని చూపించినాడు, స్మిత్ చూపలేదు. ఒకే రచయిత రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టుకొని ఈ తేడాను పట్టుకొన్న బాలుడు, శక్తినిత్యత్వ నియమమును పరీక్ష కొరకు కాక తన తృప్తి కొరకు నేర్చుకొనును. నవల చేయగల విద్యాదానము ఇదియే.

యంత్రముల సంగతి అయినది, ప్రాణుల సంగతి చూతము. వెల్స్ లండనులో టి.హెచ్. హక్స్‌లీ వద్ద జీవశాస్త్రము చదివినవాడు. 1897లో పత్రికలో వచ్చి 1898లో పుస్తకమైన ఆయన నవలలో అంగారకవాసులు భూమిపై దండెత్తుదురు. మనుష్యుల ఫిరంగులు వారిని ఆపలేవు. తుదకు కంటికి కనబడని సూక్ష్మజీవులు వారిని చంపును. మనము వేలతరములు చచ్చి బ్రతికి సంపాదించుకొన్న రోగనిరోధము వారికి లేదు. పాశ్చర్, కోక్ మొదలగువారి పరిశోధనలు కొత్తగా ఉన్న ఆ దినములలో ఈ ముగింపు చదువరికి దైవఘటనగా గాక న్యాయముగ తోచినది.

ఆ నవల పత్రికలో అచ్చగుచున్న 1897వ సంవత్సరముననే, ఆగస్టు 20వ తేదీన, సికింద్రాబాదు బేగంపేటలో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపులో మలేరియా పరాన్నజీవి ఆనవాలును చూచినాడు. హుస్సేన్ ఖాన్ అను రోగి దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొని దోమలచేత కుట్టించుకొన్నాడు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము వచ్చినది. ఆయన స్వయముగ పద్యములు, నవలలు వ్రాసినవాడు. అడవి జ్వరముల పేరు చెప్పిన భద్రాచలపు మన్యము గుర్తుకు వచ్చు మన ప్రాంతమువారికి ఈ సంగతి దూరపుది కాదు. ఆ రాస్ కథనే వస్తువుగా గొని అమితావ్ ఘోష్ 1995లో 'ది కలకత్తా క్రోమొసోమ్' అను నవలను ఆంగ్లమున వ్రాసినారు. రాస్ కనుగొన్న దానిని వేరెవరో మరుగున నిలిచి ఆతనిచేత కనుగొనజేసినారన్నది అందలి ఊహ. చరిత్రలో ఉన్న దినములను, దోమలను, సీసాలను అట్లే ఉంచి, వాని నడుమనున్న ఖాళీలలో మాత్రము కల్పనను నింపుట చేత ఆ ఊహ నమ్మబుద్ధి అగును. ఆ నవలకు 1997లో ఆర్థర్ సి. క్లార్క్ బహుమతి లభించినది.

ఆకాశవాణిలో పనిచేయు మేము ఇక్కడ ఒక హెచ్చరిక చేయుట ధర్మము. నమ్మదగుట వేరు, నమ్మించి మోసపుచ్చుట వేరు. 1938 అక్టోబరు 30వ తేదీ రాత్రి అమెరికాలో ఆర్సన్ వెల్స్ ఆ అంగారక నవలనే రేడియో నాటకముగ ప్రసారము చేసినాడు. నడుమ నడుమ వార్తలవలె ప్రకటనలు చదివించినాడు. కొందరు శ్రోతలు నిజమనుకొని భయపడినారు. దేశమంతయు గగ్గోలు పడినదని పత్రికలు వ్రాసినది అతిశయోక్తియేనని తరువాతి పరిశోధకులు తేల్చినారు గాని, భయపడినవారు లేకపోలేదు. వారిని నమ్మించినది నవలలోని శాస్త్రము కాదు, వార్తల కంఠస్వరము. కంఠమును నమ్మువాడు ప్రశ్నించుట మానును. శాస్త్రమును నమ్మువాడు ప్రశ్నించుచునే నమ్మును. మంచి నవల కోరునది రెండవవానిని.

ఇక మన తెలుగు సంగతి. భద్రాచలము క్రింద ఇదే నది ఒడ్డున రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగము గారు స్విఫ్టు రచించిన గల్లివరు యాత్రలను మార్గదర్శకముగ గొని 'సత్యరాజా పూర్వదేశ యాత్రలు' వ్రాసినారు. ఆడుమళయాళమును, లంకాద్వీపమును చూచివచ్చిన ఆ యాత్రికుని కథ సంఘమును వెక్కిరించుటకు పుట్టినది. శాస్త్రము దాని ప్రయోజనము కాదు. అయినను విచిత్రదేశమునకు కొలతలు, ఆచారములు, చట్టములు ఉండవలెనని తెలుగు వచనమునకు అది నేర్పినది. ఆ వీరేశలింగము గారే శరీరశాస్త్రమును, జ్యోతిశ్శాస్త్రమును సంగ్రహములుగా తెనిగించినారు. ఒకే చేతితో కల్పనను, శాస్త్రమును వ్రాసినారు గాని రెంటిని ఒకే పుస్తకములో కలుపలేదు.

1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు గారును, వారి మిత్రులును విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినారు. పదార్థవిజ్ఞానము, రసాయనము, జీవశాస్త్రము మున్నగు విషయములపై ఆ గ్రంథమాలలో తెలుగు పుస్తకములు వెలువడినవి. ఉదజని, ఆమ్లజని, నత్రజని వంటి మాటలు తెలుగు చదువరికి దగ్గరైనది ఇటువంటి పుస్తకముల వలననే. ఆ మండలియే నవలలను కూడ ప్రకటించినది. కాని అందు పేరొందినవి చారిత్రక నవలలు. ఒక సంపుటములో భౌతికశాస్త్రము, మరియొక సంపుటములో రాజుల కథ; రెండును ఒకే అలమారలో ప్రక్కప్రక్కన నిలిచినవి. ఆ శతాబ్దపు తొలి దశకములలోనే టేకుమళ్ల రాజగోపాలరావు గారు 'విహంగయానము' అను నవలను వ్రాసినారు. పేరులోనే ఆకాశము కలదు.

తరువాతి తరములో ఒక చిత్రమైన దృశ్యము. విజయనగరములో భౌతికశాస్త్రము చదివి, ఎం.ఎస్‌సి. కొరకు కాశీకి పోయిన కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుండి 1980లో కీర్తిశేషులగువరకు మాంత్రికులు, రాకుమారులు నిండిన 'చందమామ'ను తీర్చిదిద్దినారు. మంత్రపు కథకు కూడ తర్కము ఉండవలెనను ఆ పట్టుదల వెనుక శాస్త్రము చదివిన బుద్ధి ఉన్నదని మేము భావింతుము. వారి కుమారుడు రోహిణీప్రసాద్ గారు (1949–2012) భాభా అణు పరిశోధన కేంద్రములో శాస్త్రజ్ఞులై, పరమాణువును గురించి, జీవపరిణామమును గురించి తేటతెలుగున వ్యాసములు వ్రాసినారు. తండ్రి కథకు తర్కమును నేర్పగా, కుమారుడు శాస్త్రమునకు కథ చెప్పు నేర్పును తెచ్చినారు.

ధారావాహికల కాలములో యండమూరి వీరేంద్రనాథ్ గారి 'చీకట్లో సూర్యుడు', మల్లాది వేంకట కృష్ణమూర్తి గారి 'నత్తలొస్తున్నాయి జాగ్రత్త', మైనంపాటి భాస్కర్ గారి 'బుద్ధిజీవి' వంటివి తెలుగు ఇండ్లలోనికి ఈ జాతి కల్పనను తెచ్చినవి. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారి చిత్రము 'ఆదిత్య 369' కాలయంత్రమును 1526 నాటి కృష్ణదేవరాయల కొలువునకును, 2504వ సంవత్సరమునకును నడిపినది. ప్రవాసాంధ్రులలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున కంప్యూటరు శాస్త్రాచార్యులుగా పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావు గారు 'మహాయానం', 'కించిత్ భోగో భవిష్యతి' అను సంపుటములలో శాస్త్రమును తెలుగు కథగ మలచినారు. కంప్యూటరును 'కలనయంత్రము' అని పిలిచి, నిఘంటువు కూడ కూర్చినారు. కథకు కావలసిన మాటలను ముందు తామే పోతపోసుకొనవలసి వచ్చిన రచయిత ఆయన.

ఈ చివరి వాక్యములోనే మన సమస్య ఉన్నది. నమ్మదగిన విజ్ఞాన కల్పన రచయిత ఒక్కనివలన పుట్టదు. లెక్కను సరిచూడగల చదువరి ఎదుట ఉన్నప్పుడే పుట్టును. వెర్న్ ఫ్రెంచిలో వ్రాసినప్పుడు ఆతని చదువరి ఫ్రెంచిలోనే భౌతికము చదివియున్నాడు. మన తెలుగు చదువరి? 2022–23 విద్యాసంవత్సరము నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమమును ప్రవేశపెట్టినారు. బిడ్డల భవిష్యత్తును తలచి తల్లిదండ్రులు కోరుకొన్న మార్గమును మేము తప్పుపట్టము. మన్యపు కోయ పిల్లలకు తెలుగే రెండవ భాష అన్న సంగతిని కూడ మరువము. కాని ఫలితమును స్పష్టముగ చూడవలెను. భౌతికము ఒక భాషలో, కథ మరియొక భాషలో ఉన్న మనిషికి ఈ రెంటిని కలిపి కలుగు ఆనందము ఏ భాషలో దొరకును? "ఉదజని" అన్న మాటను చూచి పదునాలుగేండ్ల బాలుడు ఆగిపోయినచో, వంద సంవత్సరములకు పైబడి కూర్చిన మాటల అలమారకు తాళము పడినట్లే. పదము ఆంగ్లమైనను బాధ లేదు. "హైడ్రోజన్" అని తెలుగు లిపిలో వ్రాసికొనవచ్చును. కాని ఆలోచన మాత్రము తెలుగు వాక్యములో నడువవలెను. కారణమును, ఫలితమును, సందేహమును, లెక్కను మోయగల వాక్యము వాడుకలో ఉండవలెను. వాడని వాక్యము తుప్పు పట్టును.

అట్టి నవలకు వస్తువు కొరత లేదు. కల్పితమైన ఒక కర్మాగారమును ఊహింపుడు. భారజలమును తీయు ఒక పద్ధతిలో హైడ్రోజన్ సల్ఫైడ్ అను వాయువును వాడుదురు. కుళ్లిన కోడిగ్రుడ్డు వాసనగల విషవాయువు అది. దాని పాలు కొంత మించినచో ముక్కు మొద్దుబారి వాసన తెలియకుండ పోవును. ఒక వానరాత్రి కాపలాదారుడు "అమ్మయ్య, వాసన పోయినది" అని నిట్టూర్చినాడనుకొనుడు. ఈ ధర్మమును మూడు అధ్యాయముల ముందే రచయిత చెప్పియుండినచో, ఆ నిట్టూర్పు వద్ద చదువరి ప్రాణము గిలగిలలాడును. రాక్షసుడు అక్కరలేదు, పిడుగు అక్కరలేదు. రసాయనశాస్త్రములోని ఒక్క వాక్యము చాలును. శాస్త్రము కథకు సంకెల అనువారికి ఇదియే మా సమాధానము. తెలిసిన నియమమే భయమునకు పదును పెట్టును, ఆశకు విలువ కట్టును.

వంతెన మీది యాత్రికుని కడకు మరల వత్తము. ఆతడు రామాలయమునకు పోయి చేతులు జోడించును; అందులో మాకు పేచీ లేదు. పర్ణశాల రథమును గురించి వినినప్పుడు ఏ ప్రశ్నయు వేయడు, అదియు సరియే. తిరుగు ప్రయాణమున బస్సులో చదువుకొనుటకు ఆతని సంచిలో తెలుగు పుస్తకము ఒకటి ఉండవలెనని మా కోరిక. ఆ పుస్తకములో గోదావరి ఎన్ని అడుగులు లేచినదో, ఎంత బొగ్గు కాలినదో, ఎంత నీరు వడకట్టినదో రచయిత తడబడక చెప్పవలెను. చదువరి వ్రేళ్లమీద లెక్క వేసికొని "ఔను, సరిపోయినది" అని పుట త్రిప్పవలెను. ఆ పుస్తకమునకు కావలసిన అట్టకు, కాగితమునకు సారపాకలో కొరత లేదు. కావలసినది వ్రాయు చేయి, లెక్క చూచు కన్ను. ఈ రెంటిని తెలుగులో పెంచుకొనుట మన చేతిలోని పని.